బెల్లంతో బ్యాక్టీరియా ప్లాస్టిక్: కాలేజీ ల్యాబులో పీహెచ్‌బీ తయారు చేసే పద్ధతి

ప్రాజెక్టు కోసం బయోప్లాస్టిక్ చేయాలనుకునే విద్యార్థుల్లో ఎక్కువమంది మొక్కజొన్న పిండి, గ్లిజరిన్, వెనిగర్ కలిపి ఉడికించి పలుచటి పొర తీస్తారు. నేర్చుకోవడానికి అదీ మంచిదే. కానీ అందులో బ్యాక్టీరియా చేసిన పని ఏమీ లేదు, పైగా నీళ్లు తగిలితే ఆ పొర మెత్తబడిపోతుంది. తిరుమలలో లడ్డూల కోసం 2021లో అమ్మకానికి పెట్టిన డీఆర్‌డీవో సంచులు కూడా మొక్కజొన్న పిండి ఆధారంగా చేసినవే. ఇక్కడ చెప్పేది వేరే దారి. చెరకులోని చక్కెరను బ్యాక్టీరియాకు మేపి, అది తన కణంలో దాచుకున్న అసలు సిసలు ప్లాస్టిక్‌ను బయటికి తీస్తాం. దాని పేరు పాలీహైడ్రాక్సీబ్యుటిరేట్. అందరూ పీహెచ్‌బీ అంటారు.

1926లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో మోరిస్ లెమోయిన్ దీన్ని బాసిల్లస్ మెగాటీరియం అనే బ్యాక్టీరియాలో గుర్తించాడు. ఇప్పుడు ఆ బ్యాక్టీరియాను ప్రీస్టియా మెగాటీరియం అంటున్నారు. కేటలాగుల్లో రెండు పేర్లూ కనిపిస్తాయి, కంగారు పడకండి.

ముందు ఒక్క విషయం బాగా మనసుకు పట్టించుకోండి, తర్వాతి అంకెలన్నీ దాని మీదే నడుస్తాయి. పంట బాగా పండిన ఏడాది రైతు మిగులు ధాన్యాన్ని గాదెలో పోసినట్టు, బ్యాక్టీరియా కూడా మిగులు చక్కెరను పీహెచ్‌బీ రేణువులుగా దాచుకుంటుంది. కానీ చక్కెర ఎక్కువైనంత మాత్రాన దాచుకోదు. పెరగడానికి కావలసిన ఇంకేదో కొరత పడాలి. సాధారణంగా ఆ కొరత నైట్రోజన్‌ది. నైట్రోజన్ లేనిదే ప్రోటీన్లు తయారు కావు, కణం రెండుగా చీలలేదు. కానీ చక్కెర మాత్రం లోపలికి వస్తూనే ఉంటుంది. అది విరిగి అసిటైల్-కోఎంజైమ్-ఎ అవుతుంది. రెండు అసిటైల్ ముక్కలను ఒక ఎంజైమ్ కలుపుతుంది, రెండోది దానికి హైడ్రోజన్ చేరుస్తుంది, మూడోది ఆ ముక్కలను గొలుసుగా అల్లుతుంది. ఆ గొలుసే పీహెచ్‌బీ. అంటే మీరు చేయాల్సింది చక్కెర పుష్కలంగా పెట్టి, నైట్రోజన్ కొలిచి కొలిచి ఇవ్వడం.

ఇంకో మాట. ఈ పని ఇంట్లో చేయొద్దు. చివర్లో క్లోరోఫామ్ వాడాలి, ఆవిరి లాగే ఫ్యూమ్ హుడ్ లేకుండా దాని జోలికి వెళ్లకూడదు. ఆటోక్లేవ్, షేకర్, సెంట్రిఫ్యూజ్, ఫ్యూమ్ హుడ్ ఉన్న ల్యాబు, పక్కన ఒక లెక్చరర్, ఇవి ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

ఏ బ్యాక్టీరియా

మొదటిసారి చేసేవాళ్లకు నేను ప్రీస్టియా మెగాటీరియంనే సిఫారసు చేస్తాను. కారణం, చెరకులో ఉండేది సుక్రోజ్, ఈ బ్యాక్టీరియా దాన్ని నేరుగా తింటుంది. పుస్తకాలన్నీ పొగిడేది కుప్రియావిడస్ నెకేటర్‌ను. నిజమే, పెద్ద ఫెర్మెంటర్‌లో జాగ్రత్తగా మేపితే దాని ఎండు బరువులో 80 శాతం దాకా పీహెచ్‌బీ నిండుతుంది. కానీ అది సుక్రోజ్‌ను ముట్టుకోదు. హెచ్16 అనే మూల రకమైతే ఫ్రక్టోజ్ తింటుంది గానీ గ్లూకోజ్‌ను కూడా తినదు. ఈ సంగతి తెలియక దానికి పంచదార నీళ్లు పెట్టి, పెరగలేదని దిగులుపడే విద్యార్థులు ప్రతి ఏటా ఉంటారు.

కల్చర్‌ను, అంటే బతికున్న బ్యాక్టీరియా నమూనాను, సూక్ష్మజీవులను భద్రపరిచే చండీగఢ్‌లోని ఎంటీసీసీ నుంచి గానీ, పుణెలోని ఎన్‌సీఐఎం నుంచి గానీ కాలేజీ తరఫున తెప్పించుకోండి. ప్రాజెక్టు గడువు దగ్గర పడ్డాక కాదు, ముందే రాయండి.

సొంతంగా వేరు చేయాలన్న ఉత్సాహం ఉంటే చెరకు తోట మట్టి మంచి చోటు. ఒక గ్రాము మట్టిని 10 మిల్లీలీటర్ల స్టెరైల్ నీటిలో కలిపి, 80 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచితే వేడిని తట్టుకునే విత్తనాల్లాంటి స్పోర్లు ఉన్నవి మాత్రమే బతుకుతాయి. పలుచన చేసి న్యూట్రియంట్ అగార్ ప్లేట్ల మీద పరిచి, వచ్చిన కాలనీలను చక్కెర ఎక్కువగా, నైట్రోజన్ తక్కువగా ఉన్న ప్లేట్ల మీదకు మార్చండి. వాటి మీద ఆల్కహాల్‌లో కరిగించిన 0.02 శాతం సుడాన్ బ్లాక్ అనే రంగు పోసి అరగంట ఆగి, ఆల్కహాల్‌తో కడగండి. రంగు వదలకుండా ముదురు నీలంగా మిగిలినవి మీకు కావలసినవి. ఈ రంగు ఆ కాలనీని చంపేస్తుంది కాబట్టి ముందే అవే కాలనీలతో జోడీ ప్లేటు ఒకటి ఉంచుకోవాలి. ఈ దారిలో వచ్చేవాటిలో ఆహారాన్ని విషతుల్యం చేసే బాసిల్లస్ సీరియస్ కూడా ఉండే అవకాశం బాగా ఉంది. గుర్తింపు పూర్తయ్యేదాకా దేన్నీ అమాయకంగా చూడొద్దు.

చక్కెర: బెల్లమా, రసమా, మొలాసిసా?

తాజా చెరకు రసం వాడొచ్చు, కానీ అది ఆగదు. తీసిన కొద్ది గంటల్లోనే ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా చేరి జిగురు పట్టేస్తుంది. రసమే వాడాలనుకుంటే తీసిన వెంటనే మరిగించి, వడగట్టి, ఫ్రిజ్‌లో పెట్టండి. చక్కెర శాతం చూపే చేతి రిఫ్రాక్టోమీటర్‌లో 18 బ్రిక్స్ (అంటే సుమారు 18 శాతం) చూపిస్తే ఒక వంతు రసానికి ఎనిమిది వంతుల నీళ్లు పోస్తే సుమారు 2 శాతం అవుతుంది.

చక్కెర మిల్లులో మిగిలే మడ్డి, అంటే మొలాసిస్, అన్నిటికంటే చవక, కానీ మొదటి బ్యాచ్‌కు వద్దు. దాని ముదురు రంగు, కణాల పెరుగుదలను కాంతితో కొలిచే ఓడీ కొలతలను పాడుచేస్తుంది. కాల్షియం లాంటి ఖనిజాలు ఎక్కువ, నైట్రోజన్ కూడా ఎంతో కొంత ఉంటుంది కాబట్టి మన లెక్క తప్పుతుంది.

అందుకే బెల్లం. ఏడాది పొడుగునా దొరుకుతుంది, నిల్వ ఉంటుంది, ఖనిజాలు కూడా దాంతోపాటే వస్తాయి. అనకాపల్లి లాంటి మార్కెట్లో ఎంచుకునే వీలుంటే, పచ్చగా మెరిసేది కాకుండా ముదురు గోధుమ రంగుది తీసుకోండి. మెరుపు కోసం బెల్లం వండేటప్పుడు హైడ్రోస్ (సోడియం హైడ్రోసల్ఫైట్) అనే రసాయనం కలిపే అలవాటు ఉంది. అందులోంచి మిగిలే సల్ఫర్ డయాక్సైడ్ బ్యాక్టీరియాకు మంచిది కాదు. తెలంగాణలో మాత్రం బాగా నల్లగా ఉండే బెల్లం కోసం వెతక్కండి. నాటుసారా కారణంగా దాని అమ్మకం మీద ఎక్సైజ్ వాళ్ల నిఘా ఉంటుంది. తినే బెల్లమే ఈ పనికి చాలు.

మీడియం కలపడం

ఒక లీటరు మీడియంకు, అంటే బ్యాక్టీరియా పెరిగే ద్రావణానికి, లెక్క ఇది. మూడు భాగాలుగా విడివిడిగా కలిపి, విడివిడిగా ఆటోక్లేవ్ చేసి, చల్లారాక కలపాలి.

మొదటి భాగం 850 మిల్లీలీటర్లు: డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 4 గ్రాములు, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 2 గ్రాములు, అమ్మోనియం సల్ఫేట్ 1 గ్రాము. పీహెచ్ 7కు సరిచేయండి.

రెండో భాగం 100 మిల్లీలీటర్లు: బెల్లం 25 గ్రాములు. వేడి నీటిలో కరిగించి ముందు పలుచటి గుడ్డలో, తర్వాత వాట్‌మన్ నంబర్ 1 కాగితంలో వడగట్టండి. ఇసుక, చెరకు పిప్పి పొడి ఎంత వస్తుందో చూస్తే ఈ వడపోత ఎందుకో అర్థమవుతుంది.

మూడో భాగం 50 మిల్లీలీటర్లు: మెగ్నీషియం సల్ఫేట్ 0.2 గ్రాములు, కాల్షియం క్లోరైడ్ 0.02 గ్రాములు.

విడివిడిగా ఎందుకంటే, చక్కెరను అమ్మోనియం, ఫాస్ఫేట్‌లతో కలిపి 121 డిగ్రీల దగ్గర ఉడికిస్తే నల్లబడుతుంది. అలా వచ్చే పదార్థాలు పెరుగుదలను అడ్డుకుంటాయి. మెగ్నీషియం, కాల్షియం ఫాస్ఫేట్‌తో కలిస్తే తెల్లగా అడుగున పేరుకుంటాయి. 15 పౌండ్ల ఒత్తిడి, 121 డిగ్రీలు, 15 నిమిషాలు చాలు.

ఇప్పుడు లెక్క చూడండి. 25 గ్రాముల బెల్లంలో చక్కెర సుమారు 20 గ్రాములు, అందులో కార్బన్ దాదాపు 8.4 గ్రాములు. ఒక గ్రాము అమ్మోనియం సల్ఫేట్‌లో నైట్రోజన్ 0.21 గ్రాములు. అంటే కార్బన్ నైట్రోజన్‌కు 40 రెట్లు. ఆ కాస్త నైట్రోజన్‌తో లీటరుకు రెండు గ్రాముల లోపు కణ పదార్థమే తయారవుతుంది, ఆపైన మిగిలిందంతా దాచుకోవడానికే.

మీ ప్రాజెక్టుకు ప్రాణం ఇక్కడే ఉంది. అమ్మోనియం సల్ఫేట్‌ను లీటరుకు 0.5, 1, 2, 4 గ్రాములుగా మార్చి నాలుగు రకాల ఫ్లాస్కులు పెట్టండి. నైట్రోజన్ మరీ తక్కువైతే కణాలు కొద్దిగానే పెరుగుతాయి, కానీ ఒక్కో కణం నిండుగా ఉంటుంది. ఎక్కువైతే కణాలు దండిగా, లోపల ఖాళీగా. శాతం ఎక్కువ వచ్చిన ఫ్లాస్కూ, గ్రాములు ఎక్కువ వచ్చిన ఫ్లాస్కూ ఒకటే కానక్కర్లేదు. రిపోర్టులో రెండూ రాయండి. ఒక్క శాతం మాత్రమే రాసి వదిలేసిన రిపోర్టు సగం సంగతే చెబుతుంది.

పెంచడం

ముందు రోజు సాయంత్రం న్యూట్రియంట్ బ్రాత్‌లో కల్చర్ వేసి 30 డిగ్రీల దగ్గర షేకర్ మీద రాత్రంతా ఉంచండి. తెల్లారాక దాన్ని నేరుగా పోసేయకండి. బ్రాత్ నిండా నైట్రోజనే, మనం గ్రాముల లెక్కన తగ్గించింది కాస్తా దొడ్డిదారిన వచ్చేస్తుంది. సెంట్రిఫ్యూజ్ చేసి, అడుగున చేరిన కణాలను స్టెరైల్ సెలైన్‌లో కలిపి, అప్పుడు ఫ్లాస్కులో 5 శాతం చొప్పున వేయండి.

250 మిల్లీలీటర్ల కోనికల్ ఫ్లాస్కులో 50 మిల్లీలీటర్లకు మించి పోయొద్దు. గాలి ఆడాలి. 30 డిగ్రీలు, నిమిషానికి 150 నుంచి 180 తిప్పులు. అమ్మోనియంను తినేకొద్దీ మీడియం పులుపెక్కుతుంది కాబట్టి 24 గంటల దగ్గర పీహెచ్ చూసి, 6.5 కంటే దిగితే స్టెరైల్ సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలతో 7కు తెచ్చుకోండి.

ఎప్పుడు ఆపాలన్నదే ఇందులో అసలు నేర్పు. ఈ బ్యాక్టీరియా ఇబ్బంది పడ్డప్పుడు స్పోర్లుగా మారుతుంది. అలా మారేటప్పుడు దాచుకున్న పీహెచ్‌బీని తానే తినేస్తుంది. మూడు రోజులు ఉంచితే ఎక్కువ వస్తుందనుకుని వదిలేస్తే చేతికి వచ్చింది కూడా పోతుంది. 24 గంటల నుంచి ప్రతి ఆరు గంటలకు ఒక చుక్క తీసి మైక్రోస్కోప్ కింద చూడండి. స్లైడ్ మీద పలుచగా పూసి, వేడితో అంటించి, 70 శాతం ఆల్కహాల్‌లో కలిపిన 0.3 శాతం సుడాన్ బ్లాక్ పది నిమిషాలు ఉంచి, జైలీన్‌తో కడిగి, సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు పది సెకన్లు. గులాబీ రంగు కణాల్లో నల్లని రేణువులు కనిపిస్తాయి. కణాల్లో ఎక్కువ భాగం నల్లని రేణువులతో నిండి, ఇంకా స్పోర్లు మొదలవ్వని సమయం సాధారణంగా 36, 48 గంటల మధ్య వస్తుంది. అదే కోత సమయం. గడియారం కంటే స్లైడును నమ్మండి.

ఎంత వస్తుందని ఆశించాలి? ఎండు కణాల బరువులో 20 నుంచి 40 శాతం పీహెచ్‌బీ వస్తే షేకర్ ఫ్లాస్కుకు అది మంచి ఫలితం. లీటరుకు ఒక గ్రాము లోపే. ఒక చిన్న ఫ్లాస్కు నుంచి దక్కేవి కొన్ని పదుల మిల్లీగ్రాములు. ఫిల్మ్ తీయాలంటే కనీసం ఒక లీటరు మీడియం పెంచాలి. లీటరు ఫ్లాస్కుల్లో 200 మిల్లీలీటర్ల చొప్పున ఐదు పెట్టుకుంటే సరిపోతుంది.

కణాలు తీసి ఎండబెట్టడం

8,000 ఆర్‌పీఎం దగ్గర 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, బెల్లం రంగు పోయేదాకా డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడు సార్లు కడగండి. ముందే తూచి పెట్టుకున్న గాజు పళ్లెంలో 60 డిగ్రీల దగ్గర బరువు మారకుండా నిలిచేదాకా ఎండనివ్వండి. సరిగా ఎండని కణాలను తూస్తే తర్వాతి శాతాలన్నీ తప్పే.

పీహెచ్‌బీని బయటికి తీయడం

ఇక్కడినుంచి ప్రతిదీ ఫ్యూమ్ హుడ్ లోపల, చేతి తొడుగులు, కళ్లద్దాలతో. క్లోరోఫామ్ సీసాను వెలుతురుకు దూరంగా ఉంచాలి, వెలుతురులో గాలి తగిలితే అది ఫాస్‌జీన్ అనే విషవాయువుగా మారుతుంది. పాలీస్టైరీన్, పాలీకార్బనేట్ ట్యూబులను క్లోరోఫామ్ కరిగించేస్తుంది, గాజు సామానే వాడండి. హైపోక్లోరైట్‌ను ఆమ్లంతో గానీ, అమ్మోనియాతో గానీ, అసిటోన్‌తో గానీ ఎప్పుడూ కలపొద్దు.

పొడిగా నూరిన ఒక గ్రాము ఎండు కణాలకు 50 మిల్లీలీటర్ల 4 శాతం సోడియం హైపోక్లోరైట్, 50 మిల్లీలీటర్ల క్లోరోఫామ్ పోసి, 37 డిగ్రీల దగ్గర గంటసేపు మెల్లగా తిప్పండి. హైపోక్లోరైట్ కణం గోడలను, ప్రోటీన్లను చీలుస్తుంది. అదే వదిలేస్తే పీహెచ్‌బీ గొలుసులను కూడా తెంపుతుంది. క్లోరోఫామ్ ఆ గొలుసులను వెంటనే తనలోకి కరిగించుకుని కాపాడుతుంది. రెండూ కలిపి వాడటంలో ఉన్న కిటుకు అదే. హైపోక్లోరైట్ సీసా పాతదైతే బలం తగ్గిపోతుంది, కొత్తదే తెప్పించుకోండి.

సెపరేటింగ్ ఫనెల్‌లో పోసి కదపకుండా ఉంచితే మూడు పొరలుగా విడిపోతుంది. పైన హైపోక్లోరైట్, మధ్యలో మిగిలిన కణాల తుక్కు, అడుగున బరువైన క్లోరోఫామ్. మీకు కావలసింది అడుగు పొర. దాన్ని జాగ్రత్తగా దించి, వాట్‌మన్ కాగితంలో వడగట్టి, ఆవిరి చేసి ఐదో వంతుకు తగ్గించండి. తర్వాత చల్లని మిథనాల్‌లోకి, పది రెట్ల పరిమాణంలో, కలుపుతూ సన్నని ధారగా పోయండి. తెల్లని తునకలు విడివడతాయి. అదే మీ ప్లాస్టిక్. కొవ్వులు, రంగులు మిథనాల్‌లోనే ఉండిపోతాయి. వడగట్టి 60 డిగ్రీల దగ్గర ఎండబెట్టి తూయండి.

ఆ సమయానికి ఫ్యూమ్ హుడ్ పనిచేయకపోతే క్లోరోఫామ్ దశే వదిలేయండి. హైపోక్లోరైట్‌తో మాత్రమే కణాలను కరిగించి, మిగిలిన తెల్లని పొడిని నీటితో బాగా కడిగి ఎండబెట్టొచ్చు. గొలుసులు తెగి ఉంటాయి కాబట్టి ఆ పొడి మంచి ఫిల్మ్ ఇవ్వదు. కానీ పరీక్షలకు పనికొస్తుంది, ఊపిరితిత్తులూ భద్రంగా ఉంటాయి.

వచ్చిన తెల్లని పొడి పీహెచ్‌బీయేనని రుజువు కావాలి కదా. కొద్దిగా తీసి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 100 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచితే అది క్రోటోనిక్ ఆమ్లంగా మారి, 235 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది. 1961లో లా, స్లెపెకీ ఇచ్చిన పద్ధతి ఇది. క్వార్ట్జ్ క్యువెట్ తప్పనిసరి, గాజుది ఆ కాంతిని ఆపేస్తుంది. పొడిలో హైపోక్లోరైట్ గానీ క్లోరోఫామ్ గానీ మిగలకూడదు. పరారుణ కాంతితో పదార్థాన్ని గుర్తించే ఎఫ్‌టీఐఆర్ యంత్రం అందుబాటులో ఉంటే 1720 సెం.మీ.⁻¹ దగ్గర ఎస్టర్ శిఖరం కనబడాలి.

ఫిల్మ్ తీయడం

అర గ్రాము పీహెచ్‌బీని 25 మిల్లీలీటర్ల క్లోరోఫామ్‌లో, మూత ఉన్న గాజు సీసాలో, 50 డిగ్రీల నీటి తొట్టిలో కరిగించండి. క్లోరోఫామ్ 61 డిగ్రీలకే మరుగుతుంది, అంతకు దగ్గరగా వెళ్లొద్దు. గాజు పెట్రీ డిష్‌లో పోసి, సూదితో చిల్లులు పొడిచిన అల్యూమినియం రేకు కప్పి, హుడ్‌లో రాత్రంతా వదిలేయండి. తొందరపడి వేడి చేస్తే బుడగలు, పగుళ్లు వస్తాయి.

ఫిల్మ్ మొదటి రోజు బాగుండి కొన్నాళ్లకు పెళుసుబారితే అది మీ లోపం కాదు. పీహెచ్‌బీ గది వేడిమి దగ్గర కూడా నెమ్మదిగా స్ఫటికాలు కడుతూనే ఉంటుంది. పైగా 175 డిగ్రీల చుట్టూ కరిగి, ఇంకాస్త వేడెక్కితే విరిగిపోవడం మొదలవుతుంది కాబట్టి అచ్చుల్లో పోయడం కష్టం. బ్రిటన్‌లోని ఐసీఐ కంపెనీ ఈ చిక్కును బ్యాక్టీరియా మేతలోనే తీర్చింది. గ్లూకోజ్‌తోపాటు ప్రొపియోనిక్ ఆమ్లం పెడితే గొలుసులో వాలరేట్ ముక్కలు చేరి ప్లాస్టిక్ వంగుతుంది. బయోపాల్ పేరుతో వచ్చిన ఆ ప్లాస్టిక్‌తో 1990లో జర్మనీలో వెల్లా షాంపూ సీసాలు చేశారు. మీ స్థాయిలో ఫిల్మ్ ద్రావణంలో పీహెచ్‌బీ బరువుకు 10 నుంచి 20 శాతం ట్రైబ్యుటైల్ సిట్రేట్ అనే మెత్తబరిచే పదార్థం కలిపి తేడా చూడండి.

ఖర్చు సంగతి కూడా రిపోర్టులో ఉండాలి. బ్రెజిల్‌లో సావో పావ్లో రాష్ట్రంలోని సెర్రానా దగ్గర ఒక చక్కెర మిల్లును ఆనుకుని పీహెచ్‌బీ పైలట్ ప్లాంట్ నడిపారు. అక్కడ కిలో ప్లాస్టిక్‌కు మూడు కిలోల చక్కెర పట్టింది. కిలో పంచదార 40 రూపాయలనుకుంటే చక్కెరకే 120 రూపాయలు, ఆ డబ్బుకు మామూలు ప్లాస్టిక్ గుళికలు కిలో వచ్చేస్తాయి. ఆ మిల్లుకు మాత్రం పిప్పి మండించిన ఆవిరి, కరెంటు సొంతం. క్లోరోఫామ్ బదులు తమ డిస్టిలరీలో ఎలాగూ వచ్చే ఐసోఅమైల్ ఆల్కహాల్‌నే వాడుకున్నారు. మన దగ్గర కూడా ఇలాంటిది నిలబడాలంటే చక్కెర మిల్లును, డిస్టిలరీని ఆనుకునే ఉండాలని నా గట్టి అభిప్రాయం. మూతపడ్డ సహకార చక్కెర మిల్లుల గురించి ఆలోచించేవాళ్లు ఈ లెక్కను కూడా ఒకసారి ముందు పెట్టుకోవాలి.

మట్టిలో పరీక్ష

ఫిల్మ్‌ను రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, తూచి, నైలాన్ వల సంచిలో పెట్టి, తోట మట్టి నింపిన కుండీలో 10 సెంటీమీటర్ల లోతున పాతండి. పక్కనే పాలిథిన్ ముక్కలు కూడా. మట్టి తడి ఆరకుండా చూసుకోండి. 15 రోజులకొకసారి కొన్ని ముక్కలు తీసి, కడిగి, ఎండబెట్టి తూయండి. తీసినదాన్ని తిరిగి పాతొద్దు, అందుకని మొదట్లోనే ఎక్కువ ముక్కలు పెట్టుకోవాలి. మట్టిలోని బ్యాక్టీరియా, బూజులు వదిలే డీపాలిమరేజ్ ఎంజైమ్ పీహెచ్‌బీని కోస్తుంది. పీఎల్ఏ అనే మరో బయోప్లాస్టిక్‌కు 58 డిగ్రీల దాకా వేడెక్కే కంపోస్టు యూనిట్ కావాలి, దీనికి అంత వేడి అక్కర్లేదు. అలాగని బరువు తగ్గింది కాబట్టి "కంపోస్టబుల్" అని రాసేయకండి. ఆ మాట వాడాలంటే ఐఎస్/ఐఎస్ఓ 17088 పరీక్ష, అమ్మకానికైతే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ కూడా ఉండాలి. "తోట మట్టిలో ఇన్ని రోజులకు ఇంత బరువు తగ్గింది" అని మీరు కొలిచిందే రాయండి.

మిగిలిన కల్చర్లన్నీ ఆటోక్లేవ్ చేశాకే పారబోయాలి. క్లోరోఫామ్, మిథనాల్ మిగులును సింకులో పోయకుండా పేరు రాసిన సీసాలో పోసి ల్యాబు ఇన్‌చార్జికి అప్పగించండి.